మాట విన్న చెయ్యి

1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి ఒక చెయ్యి వచ్చింది. కాలిఫోర్నియాలోనే, లాస్ ఏంజెలెస్ పక్కనున్న డౌనీ అనే ఊళ్లో రాంచో లాస్ అమీగోస్ ఆసుపత్రి ఉంది. 1950లలో పోలియో ఆ దేశాన్ని వణికించినప్పుడు, సొంతంగా ఊపిరి పీల్చుకోలేని స్థితిలో వచ్చిన రోగులను చేర్చుకుని బతికించిన పెద్ద కేంద్రాల్లో అదొకటి. ప్రాణాలైతే దక్కాయి గానీ చాలామందికి చేతులు చచ్చుబడ్డాయి. అలా పడిపోయిన చేతికి తొడిగి, పట్టీలతో కట్టి, మోటార్లతో కదిలించాలని కట్టిన సాధనమే ఈ చెయ్యి. భుజం నుంచి మణికట్టు దాకా ఆరు కీళ్లు, కొసన పట్టుకోవడానికి రెండు వేళ్లు. దీన్ని స్టాన్‌ఫర్డ్ వాళ్లు తీసుకుపోయి కంప్యూటరుకు తగిలించారు. కంప్యూటరు చెప్పినట్టు కదిలిన తొలి యంత్రహస్తాల్లో ఒకటిగా ఆ రాంచో చెయ్యి చరిత్రలో నిలిచింది.

రోబో అనగానే మన కళ్లముందు కార్ల ఫ్యాక్టరీ మెదులుతుంది. అందుకూ కారణం ఉంది. 1961లో జనరల్ మోటార్స్ కర్మాగారంలో పనికి దిగిన యూనిమేట్ మొదటి పారిశ్రామిక రోబో. అయితే దానికి తెలిసిందల్లా ఒకసారి నేర్పిన కదలికలను అదే వరసలో మళ్లీ మళ్లీ చేయడమే. ఎదురుగా ఏముందో చూడదు, ఎవరేమంటున్నారో వినదు. చూసి, విని, దానికి తగ్గట్టు చెయ్యి చాచే రోబోల వంశం వేరే చోట మొదలైంది. ఆ వంశపు మూలపురుషుల్లో ఆసుపత్రి నుంచి వచ్చిన ఈ చెయ్యి ఒకటి. దాన్ని పెంచినవాళ్లలో ఎక్కువమంది అప్పటికింకా విద్యార్థులు. వాళ్లలో ఒకడు మన చిత్తూరు జిల్లా కాటూరు నుంచి వెళ్లినవాడు.

ఆయన దగ్గరికి వెళ్లేముందు ఆసుపత్రిలోని చిక్కు ఏమిటో చూద్దాం. చేతికి మోటార్లు బిగించడం ఒక పని. వాటికి ఆజ్ఞ ఇవ్వడం ఇంకో పని. చేతులు, కాళ్లు రెండూ పడిపోయిన మనిషికి మిగిలేవి తల, కళ్లు, నాలుక, గొంతు. రాంచో ఆసుపత్రిలో ఆ తర్వాత చేసిన చేతుల్లో నోటి ముందు చిన్న చిన్న మీటలు పెట్టి నాలుకతో నొక్కించారు. ఒక్కో కీలుకు ఒక్కో మీట. ఇటు నొక్కితే మోచెయ్యి ముడుచుకుంటుంది, అటు నొక్కితే సాగుతుంది. ఇప్పుడు ఎదురుగా ఉన్న గ్లాసును నోటిదాకా తెచ్చుకోవాలనుకోండి. భుజాన్ని ముందుకు కదపాలి, మోచేతిని సాచాలి, మణికట్టును తిప్పాలి, వేళ్లు మూయాలి. తర్వాత ఇదంతా వెనక్కి, నీళ్లు ఒలక్కుండా చేయాలి. మనం గ్లాసెత్తేటప్పుడు ఏ కీలును ఎంత తిప్పాలో ఒక్కసారైనా ఆలోచించం. మెదడు ఆ లెక్క మనకు తెలియకుండానే చేసేస్తుంది. నాలుకతో మీటలు నొక్కే మనిషి మాత్రం ఆ లెక్క మొత్తం తెలిసి, ఒక్కో కీలుకూ విడివిడిగా చేసుకోవాలి. గుక్కెడు నీళ్ల కోసం పడాల్సిన ఆ శ్రమను ఊహించుకుంటే, ‘గ్లాసు తీసుకురా’ అని నోటితో చెప్పి ఊరుకోగలగడం ఎంత పెద్ద మాటో తెలుస్తుంది.

అలా చెప్పి ఊరుకోవాలంటే మూడు కావాలి. మాటను వినే చెవి, గ్లాసు ఎక్కడుందో చూసే కన్ను, చూసిన చోటికి చేరడానికి కీళ్ల లెక్క వేసే బుర్ర. 1963లో ఈ మూడింట్లో ఏదీ ఆ పనికి సరిపడేంత ఎదగలేదు.

ఆ చెయ్యి చేరిన ఏడాదే స్టాన్‌ఫర్డ్‌కు పరిశోధక విద్యార్థిగా దబ్బల రాజగోపాల రెడ్డి చేరాడు. తర్వాత ప్రపంచానికి రాజ్ రెడ్డిగా తెలిసిన కాటూరు మనిషి ఈయనే. 1937 జూన్ 13న పుట్టాడు. వాళ్లది వ్యవసాయ కుటుంబం. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు ఆయనే. 1958లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ పట్టా తీసుకున్నాడు. అక్కణ్నించి ఆస్ట్రేలియా వెళ్లి, సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో 1960లో ఎంటెక్ పూర్తిచేశాడు. వాక్యూమ్ ట్యూబులతో నడిచే డ్యూస్ అనే కంప్యూటరుతో ఆయనకు పరిచయమైంది అక్కడే. ఆ తర్వాత మూడేళ్లు ఆస్ట్రేలియాలోనే ఐబీఎంలో ఉద్యోగం. వంతెనలూ కట్టడాలూ చదివిన మనిషి, ఇరవయ్యారేళ్ల వయసులో జీతం వదులుకుని మళ్లీ విద్యార్థి అయ్యాడు.

స్టాన్‌ఫర్డ్‌లో గురువు జాన్ మెకార్తీ. కృత్రిమ మేధ అన్న మాటను పుట్టించిందే ఆయన. కంప్యూటరు లెక్కలు మాత్రమే చేస్తూ ఒక మూల కూర్చోకూడదనీ, చేతులూ కళ్లూ చెవులూ పెట్టుకుని లోకంలోకి రావాలనీ మెకార్తీ పట్టుదల. శిష్యులు తలా ఒక అవయవం పంచుకున్నట్టుగా పనిలో దిగారు. రెడ్డి చెవిని ఎంచుకున్నాడు. నా లెక్కలో ఈ కథ మొత్తంలో అతి ముఖ్యమైన ఘట్టం ఈ ఎంపికే. ఆ రోజుల్లో అందరి చూపూ చదరంగం మీద, సిద్ధాంతాల నిరూపణ మీద ఉండేది. చదరంగంలో నియమాలన్నీ కాగితం మీద రాసి ఉంటాయి. మాటకు అలాంటి కాగితం లేదు. ఒకే మనిషి ఒకే మాటను రెండుసార్లు అంటే రెండూ ఒకేలా ఉండవు. ఇంత గజిబిజిగా ఉన్న సరుకును తొలి పరిశోధనకే నెత్తికెత్తుకోవడానికి గుండె నిబ్బరం కావాలి.

ఆ పని ఎలా చేశాడో కాస్త దగ్గర నుంచి చూద్దాం. మాట అంటే గాలిలో ఒత్తిడి పెరగడం, తగ్గడం. మైకు ఆ హెచ్చుతగ్గులను విద్యుత్తుగా మారుస్తుంది. ఆ విద్యుత్తును సెకనుకు కొన్ని వేలసార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటే కంప్యూటరు దగ్గర ఒక పొడవాటి అంకెల వరస తయారవుతుంది. గీసి చూస్తే అది మధ్యగీతకు పైకీ కిందికీ ఊగే అల. ఈ అలను ముందుగా ప్రత్యేక పరికరాల్లోంచి పంపి, అందులోని స్వరాలను విడదీసి, బొమ్మగా మార్చుకుని అప్పుడు చదవడం అప్పటి పద్ధతి. రెడ్డి 1966లో సమర్పించిన పీహెచ్‌డీ గ్రంథం వేరే దారి చూపింది. అలను ఉన్నదున్నట్టుగా తీసుకుని, కంప్యూటరులోనే నేరుగా విశ్లేషించింది.

నేరుగా చూస్తే అలలో కనబడేవి ముఖ్యంగా రెండు. అల ఎంత ఎత్తుకు లేస్తోందన్నది ఒకటి, మధ్యగీతను సెకనుకు ఎన్నిసార్లు దాటుతోందన్నది రెండోది. ‘స్’ అని బుసకొట్టి చూడండి. ఆ అల పొట్టిగా ఉంటుంది గానీ మధ్యగీతను సెకనుకు వేలసార్లు దాటుతుంది. ‘ఆ’ అనండి. అల ఎత్తుగా లేస్తుంది, దాటడం బాగా తగ్గిపోతుంది. ఇప్పుడు మనకు కావాల్సిన ఆజ్ఞనే తీసుకుందాం. ‘ఎత్తు’. ముందు ‘ఎ’ దగ్గర అల పెద్దదిగా ఉంటుంది. తర్వాత నాలుక పళ్ల వెనక అతుక్కుని గాలిని ఆపేస్తుంది. సెకనులో పదోవంతుకు అటూ ఇటూగా దాదాపు ఏ చప్పుడూ ఉండదు. నాలుక వదలగానే చిన్న పేలుడు, దాని వెంటే ‘ఉ’. ఒత్తక్షరం పలికామని మనం అనుకునే చోట అలలో ఉన్నది నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం పొడవే ఒత్తును పట్టిస్తుంది. ఫోనులో మాట రికార్డు చేసి అలను చూపే యాప్‌లో తెరిస్తే ఏ పిల్లవాడైనా దీన్ని సొంత కళ్లతో చూడవచ్చు.

ఈ ఎత్తూ దాటుళ్లూ మారిపోయిన చోటల్లా గీత గీస్తూ పోతే మాట ముక్కలవుతుంది. ఒక్కో ముక్కా అచ్చా, బుసా, పేలుడా, మౌనమా అని తేల్చి వరసగా రాసుకుంటే మాటకు ఒక ఆనవాలు తయారవుతుంది. కొత్తగా విన్న మాట ఆనవాలును దాచుకున్న ఆనవాళ్లతో పోల్చి, అన్నిటికన్నా దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. చెప్పడానికి ఇంతే. చేయడానికి అప్పటి యంత్రం చాలా చిన్నది. మన జేబులోని ఫోను ముందు దాన్ని పెట్టి పోల్చడం కూడా అన్యాయమే. పీహెచ్‌డీ తర్వాత రెడ్డి స్టాన్‌ఫర్డ్‌లోనే అధ్యాపకుడై, పియర్ విసెన్స్ అనే విద్యార్థితో కలిసి ఈ పద్ధతిని సానబట్టాడు. ఒక మనిషి గొంతుకు అలవాటు చేస్తే ఐదొందలకు పైగా మాటలను గుర్తుపట్టే దశకు అది చేరింది.

చెవి ఇలా తయారవుతుండగా పక్కన ఇంకో విద్యార్థుల జంట చేతి మీద కుస్తీ పడుతోంది. విక్టర్ షైన్‌మన్, లారీ లైఫర్ 1965లో ఓర్మ్ అనే చెయ్యి ఒకటి కట్టారు. నార్వే భాషలో ఓర్మ్ అంటే పాము. 7 లోహపు బిళ్లల మధ్య 28 రబ్బరు సంచులు అమర్చి, వాటిలోకి గాలి కొట్టేవారు. ఏ సంచులు ఉబ్బితే దానికి ఎదుటి వైపుకు చెయ్యి వంగేది. చూడ్డానికి ఎంతో అందమైన ఆలోచన. కానీ గాలి కుంచించుకుపోతుంది, రబ్బరు సాగుతుంది. ఇదే గాలి ఇవే సంచుల్లోకి మళ్లీ కొడితే చెయ్యి ముందటి చోటికే వస్తుందన్న హామీ లేదు. ఎక్కడుందో కచ్చితంగా తెలియని చేతికి కంప్యూటరు ఏమని ఆజ్ఞ ఇస్తుంది? ఓర్మ్‌ను పక్కన పెట్టేశారు. కానీ ఆ ఇద్దరూ అక్కడ ఆగలేదు. వాళ్లిద్దరూ తర్వాత ఏమయ్యారో చూసినప్పుడు ఓర్మ్ నేర్పిన పాఠం విలువ తెలుస్తుంది.

రాంచో చేతికి ఆ బెడద లేదు. దాని ఆరు కీళ్లలోనూ పొటెన్షియోమీటర్లు ఉండేవి. ఇది పెద్ద విద్య ఏమీ కాదు. పాత రేడియోలో శబ్దం పెంచడానికి తిప్పే గుండీ లోపల ఉండేది అదే. గుండీ తిరిగిన కొద్దీ విద్యుత్ నిరోధం మారుతుంది. కీలుకు దాన్ని బిగిస్తే, కీలు ఎంత తిరిగిందో ఓల్టేజీగా తెలుస్తుంది. ఉండాల్సిన చోటుకూ ఉన్న చోటుకూ తేడా ఎంతో కంప్యూటరు చూస్తుంది. తేడా ఉన్నంతసేపు మోటారును తిప్పుతుంది, తేడా పోగానే ఆపుతుంది. ఇవాళ బడిపిల్లలు ప్రాజెక్టుల్లో వాడే నీలం రంగు చిన్న సర్వో మోటారు విప్పి చూడండి. లోపల వేలి గోరంత మోటారు, నాలుగైదు పళ్లచక్రాలు, చిన్న సర్క్యూటు, దాని పక్కనే అదే పొటెన్షియోమీటర్. సెకనుకు 50 సార్లు దానికి ఒక సంకేతం అందుతుంది. ఆ సంకేతం సెకనులో వెయ్యోవంతు సేపు ఉంటే ఒక కొసకూ, అంతకు రెట్టింపు ఉంటే రెండో కొసకూ కీలు తిరుగుతుంది. అరవై ఏళ్ల కింద ఒక ఆసుపత్రి సాధనంలో ఉన్న సూత్రమే చవక ప్లాస్టిక్ డబ్బాలో ఇమిడి మన పిల్లల చేతికి వచ్చింది.

రాంచో చెయ్యి మెల్లగా కదిలేది. దాని కీళ్లు నిమిషానికి నాలుగు నుంచి ఆరు చుట్ల వేగంతో తిరిగేవి. పడిపోయిన మనిషి చేతికి కట్టాల్సిన సాధనం కాబట్టి అంతకన్నా వేగం ఉండకూడదు కూడా. పరిశోధకులకు ఆ వేగం చాలక హైడ్రాలిక్ చెయ్యి ఒకటి తర్వాత చేసుకున్నారు. అది విసురుగా కదిలే చెయ్యి. మనిషి దాని దరిదాపుల్లో ఉండటమే ప్రమాదం.

1968లో మెకార్తీ, లెస్టర్ ఎర్నెస్ట్, రెడ్డి, విసెన్స్ నలుగురూ కలిసి ఒక పత్రం చదివారు. చేతులూ కళ్లూ చెవులూ ఉన్న కంప్యూటరు అన్నదే దాని పేరు. టీవీ కెమెరా కన్ను, మైకు చెవి, రాంచో చెయ్యి, పీడీపీ-6 కంప్యూటరు, ఇదీ ఆ ఏర్పాటు. 1969 వసంతకాలం నాటి స్థితిని చూపే పదిహేను నిమిషాల రంగుల సినిమా కూడా ఒకటి తీశారు. అందులో ఒక మనిషి మైకు ముందు నిలబడి, ఎడమ మూల కిందున్న చిన్న దిమ్మెను ఎత్తమని ఇంగ్లీషులో ఆజ్ఞాపిస్తాడు. కంప్యూటరు ఆ వాక్యాన్ని గుర్తుపడుతుంది. చెయ్యి వెళ్లి ఆ దిమ్మెనే ఎత్తుతుంది.

ఇందులో ఎంత పని ఇమిడి ఉందో గమనించాలి. ‘చిన్న’ అని వినబడితే సరిపోదు. బల్ల మీది దిమ్మెలన్నిటినీ కెమెరాతో కొలిచి, ఏది చిన్నదో తేల్చాలి. ‘ఎడమ’, ‘కింద’ అన్న మాటలను బల్ల మీది జాగాలుగా మార్చుకోవాలి. ఆ జాగాకు వేళ్లు చేరాలంటే ఆరు కీళ్లు ఎంతెంత తిరగాలో లెక్క కట్టాలి. మరి అంత చిన్న కంప్యూటరుతో ఇదెలా సాధ్యమైంది? ఆజ్ఞల్లో వచ్చే మాటలు కొద్దే. ఏ మాట తర్వాత ఏ మాట రావచ్చో ముందే తెలుసు. ‘చిన్న’ తర్వాత ‘దిమ్మె’ రావాలే తప్ప ఇంకేదో రాదు. చెవికి సందేహం వచ్చిన చోట వాక్యనిర్మాణం సాయం చేస్తుంది. సగం విని మిగతా సగం ఊహించుకోవడం మనుషులంతా రోజూ చేసే పనే. ఈ సూత్రాన్నే రెడ్డి 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి వెళ్లాక విస్తరించాడు. అక్కడ 1973 నాటికి తయారైన హియర్‌సే-1 నోటితో చెప్పిన చదరంగపు ఎత్తులను అర్థం చేసుకునేది. పావులు ఎక్కడున్నాయో తెలుసు కాబట్టి ఏ ఎత్తు సాధ్యమో, ఏది కాదో అది ముందే ఊహించేది. 1976లో ఆయన శిష్యుడు బ్రూస్ లోవెర్ చేసిన హార్పీ వెయ్యికి పైగా మాటలను పట్టింది. 1979లో కార్నెగీ మెలన్‌లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలైతే దానికి తొలి సంచాలకుడు రెడ్డే. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. ఆ పురస్కారం అందుకున్న మొదటి ఆసియా వ్యక్తి ఆయన.

ఈ గౌరవాలన్నీ చాలాచోట్ల చదివే ఉంటారు. నాకు అంతకన్నా ఎక్కువ చెప్పాలని ఉన్నది, ఆసుపత్రి నుంచి వచ్చిన చెయ్యి మళ్లీ ఆసుపత్రికి ఎలా చేరిందన్నది.

ఓర్మ్ కట్టిన షైన్‌మన్ 1969లో ఇంకో చెయ్యి గీశాడు. స్టాన్‌ఫర్డ్ చెయ్యి అని దానికి పేరు. అన్నీ విద్యుత్ మోటార్లే, కీళ్లు ఆరు. అందులో ఐదు తిరిగేవి, ఒకటి సొరుగులా ముందుకూ వెనక్కూ జరిగేది. దాని గొప్పతనం ఇనుములో కన్నా గణితంలో ఎక్కువ ఉంది. వేళ్లు ఫలానా చోట, ఫలానా కోణంలో ఉండాలంటే ఒక్కో కీలు ఎంత తిరగాలన్న లెక్క మామూలు చేతికి చాలా జటిలం. ఉజ్జాయింపుగా మొదలుపెట్టి సరిదిద్దుకుంటూ పోవాలి. అదే స్టాన్‌ఫర్డ్‌లో బెర్నార్డ్ రాత్ దగ్గర చదివిన డొనాల్డ్ పీపర్ 1968లో ఒక కిటుకు నిరూపించాడు. వరసగా ఉన్న మూడు కీళ్ల ఇరుసులు ఒకే బిందువు దగ్గర కలిసేలా చేతిని కడితే, ఆ లెక్క సూత్రంలో అంకెలు వేసినంత నేరుగా తేలిపోతుంది. షైన్‌మన్ మణికట్టును సరిగ్గా అలాగే కట్టాడు. ఎక్కడుందో చెప్పలేని ఓర్మ్ నుంచి, ఎక్కడుండాలో క్షణంలో లెక్కకట్టగలిగే చేతికి నాలుగేళ్లు పట్టింది. ఈ చేతి నుంచే తర్వాత యూనిమేషన్ కంపెనీ 1978లో ప్యూమా అనే రోబోను తెచ్చింది.

ప్యూమాను చేసింది ఫ్యాక్టరీల కోసం. కానీ 1985లో, డౌనీకి దగ్గర్లోనే ఉన్న లాంగ్‌బీచ్ ఆసుపత్రిలో, యిక్ సాన్ క్వో బృందం దాన్ని శస్త్రచికిత్స గదిలోకి తీసుకొచ్చింది. మెదడులో గడ్డ ఉన్న రోగి తలకు సీటీ స్కాన్ తీసి, ఆ కొలతల ప్రకారం సూది ఏ దారిన వెళ్లాలో ప్యూమా పట్టి చూపించింది. నమూనా తీసింది డాక్టరే. దారి తప్పకుండా కదలకుండా నిలబెట్టింది చెయ్యి. రోబో సాయంతో మనిషికి జరిగిన తొలి శస్త్రచికిత్సల్లో దాన్ని లెక్కపెడతారు.

ఓర్మ్ జంటలో రెండోవాడు లైఫర్ ఇంకా నేరుగా వెనక్కి వెళ్లాడు. 1978 నుంచి స్టాన్‌ఫర్డ్, పాలో ఆల్టోలోని మాజీ సైనికుల ఆసుపత్రి కలిసి, మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని కాళ్లూ చేతులూ పడిపోయినవాళ్ల కోసం ఒక ప్యూమా చేతిని సిద్ధం చేశాయి. దాన్ని నడిపింది రోగి గొంతు. నాలుకతో మీటలు నొక్కే అవసరం లేకుండా, ఆజ్ఞ ఇస్తే తిండీ నీళ్లూ అందించే చెయ్యి. గుర్తుపట్టే మాటలు కొద్దే అయినా, మంచానికో కుర్చీకో పరిమితమైన మనిషికి ఆ కొద్ది మాటలు ఎంతో. అంతకు దాదాపు పదేళ్ల ముందు మైకుతో దిమ్మెలు ఎత్తించిన పని ఎందుకు చేశారని ఎవరైనా అడిగితే ఇదే జవాబు.

ఈ అధ్యాయం రాస్తున్నంతసేపూ నా మనసులో పావగడ తాలూకాలోని నిడుగల్లు అనే ఊరు ఉంది. పావగడ తాలూకా కర్ణాటకలో తుమకూరు జిల్లాది. కానీ మూడు వైపులా ఆంధ్ర నేలే. నిడుగల్లు కొండ మీద పాత చోళ సామంతుల కోట, కొండ కింద వేరుసెనగ చేలు. ఇళ్లలో తెలుగు, బడిలో కన్నడం. ఆ తాలూకాలోనే తిరుమణి దగ్గర 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు లేచింది. అదే నేల కింది నీళ్లలో ఫ్లోరైడు మోతాదుకు మించి ఉంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్ల మీద గారలు తేలతాయి, తర్వాత ఫ్లోరైడు ఎముకల్లో చేరి కీళ్లు బిగుసుకుపోతాయి. మెడ తిప్పలేని, వంగలేని, చెయ్యి పైకెత్తలేని పెద్దవాళ్లను ఈ వైపు ఊళ్లలో చూస్తాం. కీళ్ల గురించి పాఠం చెప్పాలంటే పావగడ పిల్లలకు అమెరికా దాకా పోనక్కర్లేదు. సర్వో మోటారు కొనేముందు అవ్వ మోచెయ్యి ఎంతవరకు వంగుతోందో కోణమానినితో కొలిచి రాసుకుంటే, వాళ్ల మొదటి ప్రయోగం అయినట్టే.

మన దగ్గర ఇలాంటి పని జరగలేదని కాదు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో పోలియో పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు క్యాలిపర్లు తగిలించుకుని కాళ్లీడుస్తుంటే, అక్కడి ఎముకల వైద్యుడు ఆ సంగతి అబ్దుల్ కలాం దృష్టికి తెచ్చారు. క్షిపణుల కోసం చేసిన తేలికైన కార్బన్ పదార్థంతో కలాం బృందం 300 గ్రాముల క్యాలిపర్లు చేసింది. బరువు తగ్గడమంటే ఏమిటో ఆ పిల్లల నడకలో కనబడింది. క్షిపణి నుంచి పిల్లల కాలికి, రోగి చేతి నుంచి ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి మెదడు శస్త్రచికిత్సకు ఈ రాకపోకలు ఎప్పుడూ ఉన్నాయి. చూసినవాళ్లు అడగాలి, అడిగితే వినేవాళ్లు ఉండాలి.

ఇవాళ నిడుగల్లు హైస్కూలు పిల్లలు మాట వినే చెయ్యి కట్టాలనుకుంటే చెయ్యి సులువు. ఆరు సర్వోలు, వాటిని నడిపే ఒక చిన్న ఆర్డుయినో బోర్డు, అట్టో చెక్కో ప్లాస్టిక్కో ఉంటే కదలిక వస్తుంది. పీపర్ చెప్పిన మణికట్టు కిటుకు తొమ్మిదో తరగతి జ్యామితితో చాలావరకు అర్థమవుతుంది. కష్టమంతా చెవిలోనే, రెడ్డి మొదలుపెట్టిన చోటే ఉంది. ఫోన్లలో తెలుగు వినే ప్రోగ్రాములు వచ్చాయి. ఐఐఐటీ హైదరాబాదు వంటి చోట్ల జనం గొంతుల నుంచి తెలుగు మాటలు సేకరించే పనీ జరిగింది. కానీ ఏ గొంతులు విని నేర్చుకుంటే ఆ గొంతులనే యంత్రం బాగా పడుతుంది. ‘ఆ ఎడంపక్క కిందుండే చిన్నది ఎత్తు’ అని నిడుగల్లు అవ్వ అన్నప్పుడు అందులో యాస ఉంటుంది, మధ్యలో కన్నడం ముక్క దొర్లుతుంది, పళ్లు ఊడిన నోట్లో ‘స’ బుస మారిపోతుంది, పక్కన ఫ్యాను చప్పుడు కలుస్తుంది. జబ్బుపడ్డ గొంతయితే చెప్పనే అక్కర్లేదు. పక్షవాతం వచ్చినవాళ్లకు మాట ముద్దగా వస్తుంది. ఇలాంటి చెయ్యి అందరికన్నా ఎక్కువ అవసరమైనవాళ్ల గొంతే యంత్రానికి అందరికన్నా తక్కువ తెలుసు. ఇది ఊళ్లోనే పరిష్కరించగల చిక్కు. 1969లో రెడ్డి వాళ్లు చేసినట్టే, ఒక్క మనిషి గొంతును, ఆ మనిషికి కావాల్సిన పాతిక మాటలను మాత్రమే నేర్పితే చాలు. అవ్వ ఎలా అంటే అలాగే, అవ్వతోనే అనిపించి, పొద్దున ఒకసారి, అలిసిపోయిన సాయంత్రం ఒకసారి రికార్డు చేసుకోవాలి. సాయంత్రం గొంతులో అల ఎత్తు తగ్గడం, ఒత్తుల దగ్గర మౌనం పొడవు మారడం పిల్లలు తెర మీద చూస్తారు.

ఆ పాతిక మాటల్లో ఒకటి మాత్రం వేరుగా చూడాలి. ఆపమనే మాట. ముఖం దగ్గరికి వస్తున్న చెయ్యి ఒక వేలెడు ఎక్కువ జరిగితే అవ్వ మామూలు గొంతుతో ‘ఆపు’ అనదు. ఉలిక్కిపడి అరుస్తుంది. కొందరు ‘సాలు సాలు’ అంటారు, కొందరికి ఆ క్షణంలో మాటే రాదు. అలవాటైన గొంతును నేర్చుకున్న యంత్రం సరిగ్గా ఆ అరుపు దగ్గరే తడబడుతుంది. అందుకని మొదటి రోజే, ఇంకా ఒక్క మాట కూడా నేర్పకముందే, తల పక్కకు వాలిస్తే నొక్కుకునే మీట ఒకటి కుర్చీకి బిగించాలి. ఆ మీట వైరు కంప్యూటరులోకి పోకూడదు. మోటార్లకు వెళ్లే కరెంటునే తెంచాలి. కరెంటు పోతే చెయ్యి బరువుకు ఒళ్లో పడకుండా, ఉన్నచోటే నిలబడేలా కీళ్లకు బ్రేకులు కావాలి. షైన్‌మన్ 1969 నాటి చేతిలో బ్రేకులు పెట్టాడు. చవక సర్వోల్లో అవి ఉండవు. కాబట్టి పిల్లలు స్ప్రింగులతో బరువు తూచి కట్టుకోవాల్సిందే.